తిన్నగా అంటించిన చీటీ

పదిన్నరకు లోపలికి తీసుకెళ్ళారు, గంటలో అయిపోతుందన్నారు. గడియారంలో ముల్లు చూడటం ఆమెకు నేర్పిన అన్నయ్యే ఇప్పుడు ఆ తలుపుకి అటువైపు ఉన్నాడు, వీపంతా తెరుచుకుని ఉండే ఆకుపచ్చ గౌను వేసుకుని. "ఇది కుట్టినవాడెవడో గానీ వెనక బట్ట మొత్తం మిగుల్చుకున్నాడమ్మా" అని నర్సుని నవ్వించి మరీ వెళ్ళాడు. నర్సు నవ్వింది, ఆమెకి నవ్వు రాలేదు. ఆమె ఒళ్ళో అన్నయ్య సంచి ఉంది. అందులో చెప్పులు, కళ్ళజోడు, వాచీ, తనే కుట్టుకున్న చొక్కా నాలుగు మడతలు పెట్టి, ఆ చొక్కా జేబులో కొలతల టేపు. పేగులోకి గొట్టం పంపి చూసే పరీక్షకి వస్తూ ఏ మనిషైనా టేపు తెచ్చుకుంటాడా. అడిగితే గొట్టం ఎంత పొడుగో కొలుద్దామని అంటాడు, అందుకే అడగలేదు. ఆమె టేపుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. నాలుగు కుర్చీలని ఒకే కమ్మీకి బిగించారు, ఆ చివర కూర్చున్నాయన కాలు ఊపుతుంటే ఈ చివర ఆమె కుర్చీ కూడా ఊగుతోంది. ఆపండి అనబుద్ధి కాలేదు. లోపల ఎవరో ఉన్నవాళ్ళకి బయట ఒక కాలైనా ఊపుకునే హక్కు ఉండాలి.

టేపు మొదటి మూడంగుళాలు అరిగిపోయి అంకెలు కనపడవు, అది నాన్నది. నాన్న దుకాణం మెట్ల కింద ఉండేది, పొడుగాటి మనిషి వస్తే బయటే నిలబెట్టి కొలత తీసుకునేవాడు. ఒక ఏడాది నాన్న మిషను ముందు స్టూలు మీద బట్ట మడతలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు, ముందు రెండు మడతలు, తర్వాత నాలుగు, తర్వాత దిండు, మహారాజు గద్దె అని ఆమె వెక్కిరించేది. ఏమైందంటే వేడి చేసింది అన్నాడు. ఇంకా గట్టిగా అడిగితే మొలలు, ఆడపిల్లవి నీకెందుకు అన్నాడు. రక్తం పడుతోందన్న సంగతి అమ్మకి బట్టలు ఉతికేటప్పుడు తెలిసింది, అప్పటికే ఏడాది దాటింది. పొట్ట కోసి చూసి, చేసేదేం లేదని మళ్ళీ కుట్టేసి పంపించారు. కుట్టు బాగా వెయ్యలేదని నాన్న ఆ స్థితిలో కూడా సణిగాడు. యాభై రెండేళ్ళు. అన్నయ్యకి మొన్ననే యాభై ఒకటి నిండింది, "ఇంకో ఏడాది బట్ట ఉంది నాకు" అన్నాడు నవ్వుతూ, అప్పుడు కూడా ఆమెకి నవ్వు రాలేదు. అన్నయ్య జోకులకి ఆమె నవ్వక ఎన్నాళ్ళయిందో, ఒక నెల అయింది, సరిగ్గా ఒక నెల.

పేగు సంగతులు వాళ్ళిద్దరి మధ్య కొత్త కాదు. ఆమెకి మూడేళ్ళప్పుడు కింద పడిన చొక్కా గుండీ ఒకటి మింగేసింది. అమ్మ ఏడ్చింది, నాన్న అదే వస్తుందిలే అని మిషను తొక్కుకున్నాడు. పదేళ్ళ అన్నయ్య మాత్రం బడి మానేసి మూడు రోజులు చేతిలో పుల్ల పట్టుకుని కాపలా కాశాడు. మూడో రోజు పొద్దున దొరికింది. కడిగి, ఎండబెట్టి, తన చొక్కాకే కుట్టుకుని తిరిగాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చూపించాడు. ఆనాటి నుంచి ఆమె పేరు గుండీ. ఎంత చదువు చదివినా, తెల్లకోటు వేసుకుని ఇరవై ఏళ్ళుగా పరిశోధనశాలలో పనిచేస్తున్నా గుండీయే. నాకోసం మూడు రోజులు కాపలా కాసినవాడికి నేనేం చేశాను. ఈ మాట వచ్చిన ప్రతిసారీ ఆమె టేపు ఇంకో చుట్టు బిగిస్తోంది, వేలి కొస తెల్లబడింది.

నేనేం చేశానంటే, నోరు జారాను. అది కూడా ఇరవై ఏళ్ళు నోరు అదుపులో పెట్టుకోవడమే ఉద్యోగంగా బతికిన మనిషిని. దుకాణంలో కత్తెర చప్పుడు మధ్య అన్నయ్య అడిగాడు, అసలు మీరక్కడ ఏం చూస్తారు అని. ఆమె చెప్పింది. ఒంట్లో ప్రతి కణంలోనూ ఇది తయారుచెయ్యి, అది తయారుచెయ్యి అని లోపల్నించి ఆర్డర్లు వస్తూ ఉంటాయి అన్నయ్యా, చీటీల మీద రాసినట్టు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అని బుల్లి బుల్లి ముక్కలుంటాయి, ఒక్కోటి ఇరవై రెండు అక్షరాలు, అంతే. వాటంతట అవి ఏమీ తయారుచెయ్యవు, వచ్చిన చీటీని పట్టుకుని చాలు ఇక ఆపు అంటాయి. "అయితే మీ వదినన్నమాట" అన్నాడు అన్నయ్య కత్తెర ఆపకుండా, "నేను కొత్త మిషను కొందామనగానే చాలు అంటుంది." సరే, వదినే అనుకో. ఆ ముక్క తయారయ్యే చోట కొందరికి పుట్టుకతోనే ఒక అక్షరం వేరేగా ఉంటుంది. అప్పుడు ఆ ముక్కలు తక్కువ తయారవుతాయి, లేకపోతే పట్టు సరిగ్గా దొరకదు, ఆగాల్సిన కణం ఆగకపోవచ్చు. అలాంటివాళ్ళకి పెద్దపేగులో క్యాన్సర్ కాస్త ఎక్కువగా వస్తుందా అని వేలమందిని చూస్తున్నాం, జబ్బు ఉన్నవాళ్ళు సగం, లేనివాళ్ళు సగం. కత్తెర అప్పుడు ఆగింది. నాన్నకి ఏ అక్షరం ఉండేదో అన్నాడు. నాన్న రక్తం ఎవరూ దాచలేదు అన్నయ్యా అంది.

జబ్బున్నవాళ్ళు దొరుకుతారు పాపం, ఆసుపత్రి నిండా వాళ్ళే. లేనివాళ్ళే దొరకరు, బాగున్నవాడు సూది పొడిపించుకోవడానికి ఎందుకొస్తాడు. తక్కువ పడ్డప్పుడల్లా పెద్ద మేడమ్ పనివాళ్ళందర్నీ చుట్టాల్ని పట్టుకురమ్మనేది, అలా మూడేళ్ళ కిందట ఒక శనివారం అన్నయ్య వచ్చాడు, ఆమె కూడా చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. పేర్లు ఉండవు. కలగాపులగం చేసిన అంకెల చీటీలు చుట్టగా వస్తాయి, ఏది అందితే అది రక్తం గొట్టానికి అంటించడమే. పేరుకీ అంకెకీ లంకె రాసి ఉన్న పుస్తకం మేడమ్ బీరువాలో ఉంటుంది. ఎవరు ఏ చుక్కో మీకు తెలియకూడదు, మన లెక్క గుంపుకే గాని మనిషికి కాదు అని మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది. కానీ ఆ రోజు అంటించడానికి కూర్చున్న కొత్తమ్మాయి చీటీలు ఎంత వంకరగా అంటిస్తోందంటే, అన్నయ్య అడ్డంగా పోయిన కుట్టు చూసినట్టు మొహం పెట్టాడు. "ఇటివ్వమ్మా" అని తన గొట్టం లాక్కుని, బొటనవేలితో మెల్లిగా జరుపుతూ, అంచు అంచుకి కలిసేలా నిలువుగా, ముడత లేకుండా అంటించాడు. ఆమెది కూడా అంటించాడు. ఆమె నవ్వుకుంటూ లోపల మిషను దగ్గర పనుంటే వెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత తన వంతు పెట్టె తెరిస్తే, వంకర చీటీల మధ్య రెండు గొట్టాలు. తిన్నగా, నిటారుగా. మిగతా పెట్టెలు పక్క బల్లల మీదికి వెళ్ళాయి, ఈ రెండూ తన దగ్గరికే వచ్చాయి, అప్పుడు అది అదృష్టం అనిపించింది. కళ్ళు తిప్పుకోవాల్సింది. అంకెలు గుర్తుపెట్టుకోకూడదనుకుంది, అనుకున్న క్షణానే గుర్తుండిపోయాయి. తొంభై ఆరు గుంటల పళ్ళెంలో ఏది ఎక్కడ వేసిందో చేతికి తెలుసు, మిషను రెండు గంటలు తిరిగాక తెర మీద చుక్కలు తేలాయి, ఎర్రవి ఒక మూల, నీలంవి ఒక మూల, అదీ ఇదీ కలిసిన పచ్చవి మధ్యలో. ఆ రెండూ నీలం. నీలం అంటే మంచి అక్షరం, రెండు వైపుల నుంచీ మంచిదే. రెండూ నీలమే కాబట్టి ఏది ఎవరిదన్న పేచీ కూడా లేదు. ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి కాకుండా దుకాణానికి వెళ్ళింది. వదిన టీ ఇచ్చి లోపలికెళ్ళాక, "నీకు మంచి అక్షరం పడింది అన్నయ్యా" అని చెప్పేసింది. అన్నయ్య గుండీల డబ్బా మూత తీసి అందులోంచి ఒక నీలం గుండీ ఏరి ఆమె చేతిలో పెట్టాడు.

అంతే కదా చెప్పింది. రాదు అని చెప్పలేదు. ఎర్రచుక్కల వాళ్ళు వందమందిలో ఐదుగురికి వస్తే నీలంచుక్కల వాళ్ళలో నలుగురికి వస్తుంది, అదీ ఇంకా తేలని లెక్క, ఆ నలుగురికీ వచ్చేది నాలుగో వంతు జబ్బు కాదు, పూర్తి జబ్బే. ఇవన్నీ చెప్పాలి. ఒక మంచి మాట మోసుకెళ్ళిన మనిషికి ఇంత తోక తగిలించబుద్ధి కాలేదు, అదీ నిజం. నెల కిందట అన్నయ్య ఫోన్ చేసి, కర్టెన్ల కొలతలు తీసుకోవడానికి వస్తానన్నాడు. వచ్చి కూర్చోలేదు, నిలబడే ఉన్నాడు. పదహారు నెలలుగా రక్తం పడుతోందని చెప్పాడు. పదహారు నెలలా అన్నయ్యా. "నాకు రాదుగా, నీ మిషను చెప్పింది కదా, మొలలేమో అనుకున్నా" అన్నాడు. కొలిచిన కిటికీనే మళ్ళీ కొలిచాడు. నిన్న కూడా వదినకి కర్టెన్లని చెప్పే వచ్చాడు. పొట్ట కడిగే మందు రెండు లీటర్లూ ఆమె ఇంట్లోనే తాగాడు. ఒంటి మనిషి ఇల్లు, ఒకటే బాత్‌రూము, రాత్రంతా దాన్ని అతని పేరిట రాసిచ్చేసింది. మందు తాగడానికి మొహం వికారంగా పెడితే, నా గుండీ కోసం ఎంత అవస్థ పడ్డావో ఇప్పుడు నేనూ పడుతున్నాలే అంది, అతను మాత్రం నవ్వాడు.

పదకొండుంబావు. కాలు ఊపుతున్నాయన్ని పిలిచారు, కుర్చీ ఊగడం ఆగింది, ఆగాక అదే బాగుందనిపించింది. ఎదుట గోడ మీద పోస్టరు, నలభై దాటారా, ఇంట్లో ఎవరికైనా ఉందా, అయితే మీరూ చూపించుకోండి. నలభై దాటారా అన్న ముక్క దగ్గర ఆమె కళ్ళు జారి కింద ఉన్న ఫోన్ నంబరు మీదికి వెళ్ళాయి, అక్కడి నుంచి నీళ్ళ డబ్బా మీదికి. ఇలాంటి కాగితమే రెండేళ్ళ కిందట ఆమె ఇంటికీ వచ్చింది, బల్ల సొరుగులో కరెంటు బిల్లుల కింద ఉంది. ఆ సొరుగు ఒకటి సర్దాలి. అన్నయ్య సంగతి తేలాక సర్దాలి. ముందు అన్నయ్య సంగతి. దేవుడా, మొలలే అని చెప్పించు, నాన్నని వెక్కిరించినట్టు ఇంకెప్పుడూ ఎవర్నీ వెక్కిరించను.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ చిన్నది, ముప్పై అయిదు కూడా ఉండవు, టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చి పక్క కుర్చీలోనే కూర్చుంది. నిలబడి చెప్పే మాటలూ కూర్చుని చెప్పే మాటలూ వేరని ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు.

"ఆయనకి మీరేమవుతారు?"

"చెల్లెల్ని."

"ఎడమవైపు ఒక గడ్డ ఉందండి. ముక్క తీసి పరీక్షకి పంపించాను, వారం పడుతుంది. కానీ మిమ్మల్ని వారం ఉత్తినే ఆశపెట్టను. నా కంటికి అది మంచి గడ్డలా లేదు. అలాగని బాగా ముదిరినట్టూ లేదు. స్కాన్ తీద్దాం, ఆపరేషన్ ఉంటుంది."

"పదహారు నెలల కిందట వచ్చి ఉంటే?"

డాక్టరమ్మ టోపీని చేతిలో ఒకసారి తిప్పింది. "అప్పటికి అది చిన్న పిలకగా ఉండి ఉంటే తీగతో కోసేసి ఇంటికి పంపేదాన్ని. ఉండేదో లేదో నేను చెప్పలేను." లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. "నాన్నగారికి కూడా ఇదే అని రాశారు కదా. మీకెన్నేళ్ళు?"

"నలభై నాలుగు."

"మీరెప్పుడు చేయించుకున్నారు?"

ఆమె సంచిలో ఏదో వెతికింది. చెప్పులు, కళ్ళజోడు, వాచీ. వెతకాల్సింది అందులో ఏమీ లేదు. డాక్టరమ్మ జవాబు కోసం ఆగలేదు, వెళ్ళే ముందు కౌంటర్ వైపు చెయ్యి మాత్రం చూపించింది.

లోపల పరదాల మధ్య మంచం మీద అన్నయ్య సగం మత్తులో ఉన్నాడు, డాక్టరమ్మ అతనికీ చెప్పిందట. "బాగా నిద్రపట్టింది గుండీ, ఇంత సుఖంగా ఎప్పుడూ పడుకోలేదు" అన్నాడు. తర్వాత, "మీ వదినకి నేనే చెబుతా, నువ్వు మధ్యలో దూరకు" అన్నాడు. ఆమె మంచం అంచున కూర్చుంది, అతని చెయ్యి పట్టుకుంది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడిపోయిన బొటనవేలు. ఇంక ఆపుకోలేకపోయింది. ఆ రోజు చెప్పకుండా ఉండాల్సింది అన్నయ్యా, చూడకుండానే ఉండాల్సింది, నీ చీటీ తిన్నగా ఉండబట్టి గుర్తుపట్టాను, లేకపోతే ఎవరిదో ఏమిటో నాకు తెలిసేదే కాదు, నీ చేతి పనితనమే పట్టిచ్చింది, అంటూ ఒక్క గుక్కలో చెప్పేసి ఏడ్చింది.

అన్నయ్య నుదురు ముడిచాడు. మత్తులో ఉన్నాడేమో అనుకుంది.

"తిన్నగానా? ఏది?"

"నీదీ నాదీ. రెండే ఉన్నాయి తిన్నగా."

"నువ్వు లోపలికెళ్ళాక ఆ పిల్ల మళ్ళీ వంకరగా అంటిస్తుంటే చూడలేక నేనే కూర్చున్నానే. నా వెనక వరసలో ఉన్నవాళ్ళవన్నీ నేనే అంటించా. పదిహేనో ఇరవయ్యో. ఒక ఖాకీ చొక్కాయన బాగా అంటించావయ్యా అని మెచ్చుకున్నాడు కూడా."

పరదా అటువైపు ఎవరో దగ్గారు. ఆమె ఏడుపు మధ్యలో ఆగిపోయింది. పదిహేనో ఇరవయ్యో. తెర మీద ఆ మూల ఉన్న రెండు నీలం చుక్కలూ ఆమె కళ్ళ ముందే మెల్లిగా ఎవరివో అయిపోయాయి, ఖాకీ చొక్కాయనవి, చంటిపిల్లని ఎత్తుకుని వచ్చినావిడవి, ఎవరో దారినపోయే వాళ్ళవి. మూడేళ్ళుగా ఆ రెండింటినీ ఇంట్లో మనుషుల్లా చూసుకుంది. నీలం గుండీని పర్సు లోపలి అరలో పెట్టుకుని తిరిగింది.

"అయితే నాది ఏ రంగు?" అన్నాడు అన్నయ్య.

"తెలీదు."

"నీది?"

"తెలీదన్నయ్యా."

అన్నయ్య దుప్పటి ముడత చేత్తో సాపు చేశాడు. "నువ్వు కుమిలిపోకు. నిజం చెప్పనా, నీ చుక్కని నేనెప్పుడూ నమ్మలేదు. దర్జీవాణ్ణి, నాకు చుక్కలేం తెలుసు. మొదటిరోజు రక్తం చూడగానే నాన్న దిండు గుర్తొచ్చింది. భయమేసింది. భయమేసి రాలేదని చెప్పుకోడానికి సిగ్గేసి, నీ చుక్కని అడ్డం పెట్టుకున్నా. అంతే." నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. "నమ్మితే కర్టెన్లు కొలవడానికి ఎందుకొస్తాను?"

"నేను నమ్మాను" అంది ఆమె.

ఆ మాట అనేవరకూ ఆమెకే తెలియదు. సమావేశాల్లో కూర్చుని గుంపు లెక్క మనిషికి పనికిరాదని తలూపిన మనిషి, కొత్తగా చేరినవాళ్ళకి అదే పాఠం చెప్పిన మనిషి, ఇంటికొచ్చి సొరుగులో కాగితాన్ని బిల్లుల కిందికి తోసింది. తనది నీలమని. తనకేం కాదని. అన్నయ్యని నేను ముంచానని నెలంతా ఏడ్చింది గాని, అదే నీళ్ళలో తను పీకలదాకా ఉన్నానని చూసుకోలేదు. అన్నయ్య తల తిప్పి ఆమెని చూశాడు, మత్తు పూర్తిగా దిగిపోయిన చూపు.

"ఎన్నాళ్ళయింది చూపించుకుని?"

"అసలు చూపించుకోలేదు."

తిట్టలేదు. సంచి ఇలా ఇవ్వు అని కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు, చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు తనే పెట్టుకున్నాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకెళ్తుంటే బయటి తలుపు వైపు తిప్పబోయింది, "అటు కాదు" అని కౌంటర్ వైపు చెయ్యి చూపించాడు, డాక్టరమ్మ చూపించినట్టే.

కౌంటర్ అమ్మాయి కాగితం ఇచ్చింది. ఇలాంటి కాగితాలు ఆమె ఇరవై ఏళ్ళుగా అవతలివైపు నుంచి చదివింది, వేలకొద్దీ. కుటుంబంలో ఎవరికైనా, అన్నచోట నాన్న అని రాసింది. కామా పెట్టింది. అన్నయ్య కుర్చీలోంచి మెడ చాపి చూస్తున్నాడని తెలిసి చెయ్యి ఆగింది. "రాయి, సిగ్గేంటి" అన్నాడు. అన్నయ్య అని రాసింది. ఎప్పుడు వీలవుతుందని అమ్మాయి అడిగితే, మీకు ఎంత తొందరగా అయితే అంత అంది. గురువారం దొరికింది. అమ్మాయి ఫైలు తీసి, ఆమె పేరున్న చీటీ అచ్చు తీసి, ఫోన్ మోగుతుంటే ఒంటిచేత్తో వంకరగా అంటించి ఇచ్చింది.

"ఇలా ఇవ్వు" అన్నాడు అన్నయ్య.

ఫైలు ఒళ్ళో పెట్టుకున్నాడు. చీటీ మూల గోటితో లేపి, చిరగకుండా నిదానంగా ఊడదీసి, కళ్ళజోడు పైకి జరుపుకుని, అంచు అంచుకి కలిపి బొటనవేలితో నొక్కాడు. వెనక వరసలో వాళ్ళు ఎదురుచూస్తున్నారు. అతనికి తొందరేం లేదు. ఇంకోసారి నొక్కి, పేరు పైకి చదివి, ఫైలు ఆమెకి అందించాడు.

"ఇది మాత్రం నీదే."